వీసా పదేళ్లది, ఉండనిచ్చేది ఆరు నెలలు: అమెరికాలో గడువు దాటితే ఏమవుతుంది

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నల పాస్‌పోర్టులో సాధారణంగా పదేళ్ల విజిటర్ వీసా ఉంటుంది. దాని మీద గడువు ఏ 2034 అనో కనిపిస్తే, "ఇంకా బోలెడు టైముంది, మనవడి మొదటి పుట్టినరోజు కూడా చూసుకుని వెళ్దాం" అనిపించడం సహజం. కానీ ఆ తేదీకీ, అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చన్నదానికీ సంబంధమే లేదు. వీసా అనేది ఎయిర్‌పోర్టులో దిగి, లోపలికి రానివ్వమని అడగడానికి ఇచ్చిన అనుమతి. రానిచ్చాక ఏ రోజు వరకు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. ఈ విజిటర్ వీసా (బీ-2) మీద వచ్చినవాళ్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ ఆరు నెలలు దాటి ఉండిపోవడాన్నే ఓవర్‌స్టే అంటారు, వీసా మీద ఇంకా తొమ్మిదేళ్లు మిగిలి ఉన్నా సరే.

2013 నుంచి విమానంలో వచ్చేవాళ్లకు ఐ-94ను కాగితం మీద ఇవ్వడం లేదు. అది కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది, మనమే తీసి చూసుకోవాలి. పాస్‌పోర్టులో స్టాంపు కొట్టి చేత్తో తేదీ రాసే అలవాటు కూడా తగ్గిపోతోంది. కాబట్టి అమ్మానాన్న ఇల్లు చేరిన రాత్రే ఆ సైటు తెరిచి, పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు కొట్టి, వచ్చిన పేజీని ప్రింట్ తీసి పెట్టుకోండి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే కొట్టాలి. మన పెద్దవాళ్లలో చాలామందికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద అసలు పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ ("మొదటి పేరు తెలియదు" అని అర్థం) అని పడుతుంది. మొదటిసారి రికార్డు దొరకకపోతే కంగారు పడకుండా వీసా మీద ఉన్న వరుసలో కొట్టి చూడండి.

ఆ పేజీలో చివరి తేదీ ఆరు నెలలే ఉంటుందని గ్యారంటీ లేదు. పాస్‌పోర్టు నాలుగు నెలల్లో అయిపోతుంటే ఆఫీసర్ ఐ-94ను అక్కడికే ఆపేయవచ్చు. గత ఏడాది కూడా ఆరు నెలలు ఉండి వెళ్లినవాళ్లు వెంటనే మళ్లీ వస్తే తక్కువ రోజులు ఇవ్వవచ్చు. ఏడాదికి ఇన్ని నెలలే అని చట్టంలో ఎక్కడా రాసిలేదు కానీ, వచ్చేది చుట్టపుచూపుగానా, ఇక్కడే కాపురం పెట్టడానికా అన్నది తేల్చుకునే అధికారం ఆ కౌంటర్‌లో ఉన్న ఆఫీసర్‌దే. ఐ-94లో తేదీ పొరపాటున తప్పు పడితే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్లదే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ అనే ఆఫీసు దగ్గర్లో ఉంటే అక్కడికి వెళ్లి సరిచేయించుకోవచ్చు. ఇంకోటి, నయాగరా చూడ్డానికి కెనడా వైపు వెళ్లి రెండు రోజుల్లో తిరిగివస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయని ఆశపడకండి. నెలలోపు అలా వెళ్లివచ్చినవాళ్లను పాత ఐ-94 మీదే లోపలికి తీసుకోవచ్చు.

ఇక గడువు దాటితే ఏమవుతుందన్న సంగతి. "ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే ఏమీ కాదు" అని ఒకరంటారు, "ఒక్క రోజు దాటినా పదేళ్లు బ్యాన్" అని ఇంకొకరంటారు. రెండూ తప్పే. ఏమవుతుందన్నది ఎన్ని రోజులు దాటిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక్క రోజు, 180 రోజులు, ఏడాది, ఈ మూడు గీతలు గుర్తుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఒక్క రోజు దాటినా చాలు, ఆ పదేళ్ల వీసా దానంతటదే రద్దవుతుంది. ఇమిగ్రేషన్ చట్టంలో 222(జి) అనే సెక్షన్ చెప్పేది అదే. దాని మీద ఎవరూ రద్దు ముద్ర కొట్టరు, ఈమెయిల్ కూడా రాదు. పాస్‌పోర్టులో వీసా నిక్షేపంలా కనిపిస్తూనే ఉంటుంది. రెండేళ్ల తర్వాత అదే వీసాతో బయల్దేరితే శంషాబాద్‌లోనో, అమెరికాలో దిగాకో ఆపేస్తారు. ఆ తర్వాత కొత్త వీసాకు సొంత దేశంలోనే దరఖాస్తు చేయాలి. మనవాళ్లయితే నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కో, ఇండియాలోని మరో కాన్సులేట్‌కో వెళ్లాలి. దుబాయ్‌లో అబ్బాయి ఉన్నాడు కదా, అక్కడ స్లాట్ తొందరగా దొరుకుతుందంటే కుదరదు. కొత్త వీసా ఇవ్వకూడదని నియమం ఏమీ లేదు, కానీ "పోయినసారి ఎందుకు ఆగారు?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి.

రెండో గీత నుంచి శిక్ష మారిపోతుంది. ఐ-94 తేదీ దాటిన మర్నాటి నుంచి ఉన్న ప్రతి రోజూ అక్రమ నివాసం కింద లెక్కలోకి వస్తుంది. 1996లో చేసిన చట్టం ప్రకారం, 1997 ఏప్రిల్ 1 నుంచి ఈ లెక్క అమల్లో ఉంది. ఒకే విడతలో 180 రోజులు దాటి, ఏడాది నిండకుండా వెళ్లిపోయినవాళ్లు మూడేళ్లు మళ్లీ రావడానికి వీల్లేదు. ఏడాది నిండాక వెళ్తే పదేళ్లు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఈ రోజులు లెక్కలోకి రావు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకావిడ 2025 జనవరి 10న డాలస్‌లో దిగారు, ఐ-94 జూలై 9 వరకు ఇచ్చారు అనుకుందాం. జూలై 9న కూడా ఆవిడ చట్టప్రకారమే ఉన్నట్టు. జూలై 10 మొదటి రోజు. జూలైలో 22 రోజులు, ఆగస్టు అయ్యేసరికి 53, సెప్టెంబరుకి 83, అక్టోబరుకి 114, నవంబరుకి 144, డిసెంబరు 31కి 175. 2026 జనవరి 5న 180వ రోజు. ఆ లోపు విమానం ఎక్కితే వీసా పోతుంది కానీ మూడేళ్ల బ్యాన్ పడదు. జనవరి 6 నుంచి మూడేళ్ల బ్యాన్ పరిధిలోకి వెళ్తారు. 2026 జూలై 9కి ఏడాది నిండుతుంది, అక్కడి నుంచి పదేళ్లు. అరవై రెండేళ్ల తల్లికి పదేళ్లంటే డెబ్బై రెండు. మనవడు చేతుల్లో ఉన్నప్పుడు వచ్చిపోయినావిడ మళ్లీ వచ్చేసరికి వాడు హైస్కూల్‌కి దగ్గరపడతాడు. తేదీలు వేళ్ల మీద కాకుండా క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కపెట్టండి, ఆఖరి రోజు దాకా సాగదీయకండి.

ఇక్కడే అందరూ తడబడే మలుపు ఒకటుంది. ఈ మూడేళ్లు, పదేళ్ల బ్యాన్ గడువు దాటినందుకు పడేది కాదు, దాటాక దేశం వదిలి వెళ్లినప్పుడు పడేది. అంటే 150వ రోజున ఉన్న మనిషికి "వెంటనే వెళ్లిపోండి" అన్నది మంచి సలహా. అదే సలహా 200వ రోజున ఉన్న మనిషికి ఇస్తే, ఆవిడకి అక్కడే ఉండి పరిష్కరించుకునే దారి ఏదైనా ఉంటే అది మూసుకుపోతుంది. ఊళ్లో బావగారు పోయారనో, పెద్దకర్మకి ఉండాలనో ఆదరాబాదరాగా టికెట్ కొని వెళ్లినా బ్యాన్ బ్యాన్‌గానే ఉంటుంది, కారణం చూసి వదిలేయరు. అందుకే గడువు దాటిన ఇంట్లో మొదట వేసుకోవాల్సిన ప్రశ్న "టికెట్లు ఎప్పటికి దొరుకుతాయి" అన్నది కాదు, "ఇవాళ్టికి ఎన్ని రోజులైంది" అన్నది. 180 దాటిందని తేలితే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా విమానం ఎక్కకూడదు.

"వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటరే ఉండదు, ఎవరు చూస్తారు?" అనే మాట కూడా వింటుంటాం. నిజమే, అమెరికా నుంచి బయటికి వెళ్లేటప్పుడు స్టాంపు కొట్టరు. కానీ ఎయిర్‌లైన్స్ ప్రతి ప్రయాణికుడి వివరాలూ ప్రభుత్వానికి పంపుతుంది, చాలా బోర్డింగ్ గేట్ల దగ్గర కెమెరా మొహాన్ని పోల్చి చూస్తుంది. అదే ఐ-94 సైటులో మన రాకపోకల చరిత్ర కూడా కనిపిస్తుంది. ఎప్పుడైనా బయటికి వెళ్లిన రికార్డు పడకపోతే, సకాలంలోనే వెళ్లామని చూపించుకోవడానికి బోర్డింగ్ పాస్, ఇండియాలో దిగినప్పటి స్టాంపు పనికొస్తాయి. వాటిని పారేయకండి.

ఇంకొన్నాళ్లు ఉండాల్సిన అవసరం నిజంగా వస్తే దారి ఉంది, ఐ-539 అనే ఫారం. ఐ-94 తేదీ దాటకముందే అది యూఎస్‌సీఐఎస్‌కి, అంటే ఇలాంటి దరఖాస్తులు చూసే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థకి, చేరాలి. కనీసం 45 రోజుల ముందు పంపమని ఆ సంస్థే చెబుతుంది. 2024 ఏప్రిల్‌లో పెట్టిన రేట్ల ప్రకారం ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. ఫీజులు మారుతుంటాయి కాబట్టి పంపే రోజున చూసుకోండి. ఎందుకు ఉండాల్సి వచ్చింది, ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఎప్పటికల్లా వెళ్తారు అన్నవాటికి ఆధారాలు జత చేయాలి. "కోడలికి నెలలు నిండాయి" అని ఒక వాక్యం రాసి వదిలేస్తే బలం ఉండదు. డెలివరీ తేదీ ఉన్న డాక్టర్ లెటర్, మారిన తేదీకి తిరుగు టికెట్, ఇండియాలో ఇల్లు, పెన్షన్ ఉన్నట్టు కాగితాలు పెడితే నమ్మకం కలుగుతుంది. నాన్నగారికి గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో ఉంటే, ఇన్ని వారాలు విమానం ఎక్కకూడదని డాక్టర్ రాసిచ్చిన లెటర్‌ని మించిన ఆధారం లేదు.

సకాలంలో, నిజమైన కారణంతో పంపిన దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలం అక్రమ నివాసం లెక్క నడవదు, మధ్యలో ఉద్యోగం గట్రా చేయకుండా ఉంటే. జవాబు రావడానికి నెలలు పడుతుంది. ఒక్కోసారి అడిగిన తేదీ కూడా గడిచిపోతుంది, అప్పటికీ జవాబు ఉండదు. అడిగిన తేదీలోపు వెళ్లిపోతే చిక్కు లేదు, రసీదు మాత్రం జాగ్రత్తగా ఉంచుకోవాలి. జవాబు రాలేదు కదా అని అడిగిన తేదీ దాటి కూడా ఉండిపోవడమే ప్రమాదం. ఇంకా ఉండాలంటే ఆ తేదీ లోపే ఇంకో దరఖాస్తు పెట్టాలి. తిరస్కరిస్తే మర్నాటి నుంచే రోజుల లెక్క మొదలవుతుంది. పైగా 2025 ఫిబ్రవరి చివర్లో యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తిరస్కరణతో చట్టబద్ధమైన హోదా లేకుండా పోయినవాళ్లకు ఇమిగ్రేషన్ కోర్టు నోటీసు పంపడానికి వీలుంది. కోర్టు నోటీసు వస్తే వాయిదాకి వెళ్లకుండా ఉండటం అన్నిటికంటే చెడ్డది. మనిషి రాకపోతే, ఆ మనిషి లేకుండానే జడ్జి బహిష్కరణ ఉత్తర్వు ఇచ్చేయవచ్చు, దానికి విడిగా ఇంకో బ్యాన్ ఉంటుంది. గడువు దాటడం నేరం కిందికి రాదు, సివిల్ ఉల్లంఘన. కోర్టుకు వెళ్తే జైల్లో పెడతారేమో అన్న భయంతో వాయిదా ఎగ్గొట్టడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

2020లో ఈ ఫారం విలువ వేలమంది మనవాళ్లకు తెలిసింది. మార్చి చివర్లో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మే 7న వందే భారత్ మిషన్ మొదలయ్యేదాకా, ఆ తర్వాత కూడా సీటు దొరికేదాకా తల్లిదండ్రులు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. మందులు అయిపోతున్నాయి, ఇన్సూరెన్స్ అయిపోతోంది, ఒకటే టెన్షన్. విమానాలే లేనప్పుడు ఎవరూ ఏమీ అనరులే అనుకుని ఊరుకున్నవాళ్లకీ, ఐ-539 పంపినవాళ్లకీ తర్వాత రికార్డులో చాలా తేడా కనిపించింది. మన చేతుల్లో లేని అసాధారణ కారణంతో ఆలస్యమైతే, గడువు దాటాక పంపిన దరఖాస్తునీ పరిశీలించే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. కోవిడ్ కోసం పుట్టింది కాదు, ఇప్పటికీ ఉంది. అయితే అది ఆఫీసర్ విచక్షణ మీద ఆధారపడుతుంది కాబట్టి హక్కులా భావించకూడదు.

ఉద్యోగం పోయి హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా నుంచి బీ-2కి మారడానికి ఇదే ఫారం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలకూ ఈ లెక్కలే వర్తిస్తాయి. ఉద్యోగం పోయాక ఇచ్చే అరవై రోజుల గ్రేస్ పీరియడ్‌లోపు, ఐ-94 గడువు కూడా దాటకముందే దరఖాస్తు వెళ్లి ఉండాలి.

ఇప్పుడు గడువు దాటిపోయి అక్కడే ఉన్నవాళ్ల సంగతి. కొడుకో కూతురో అమెరికా పౌరులై, ఇరవై ఒక్కేళ్లు నిండి ఉంటే చట్టం ఒక పెద్ద తలుపు తెరిచి ఉంచింది. పౌరుల తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పెళ్లికాని చిన్న పిల్లలు దగ్గరి బంధువుల కోవలోకి వస్తారు. ఎయిర్‌పోర్టులో తనిఖీ అయి, చట్టప్రకారం లోపలికి వచ్చినవాళ్లయితే, తర్వాత గడువు దాటినా అక్కడే ఉండి గ్రీన్‌కార్డుకి దరఖాస్తు చేసుకోవచ్చు. పిల్లలు పెట్టే ఐ-130 ఫారం, తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 రెండూ ఒకేసారి పంపవచ్చు. ఏడాది దాటినా సరే. ఎందుకంటే వాళ్లు దేశం వదల్లేదు, బ్యాన్ పడలేదు. అలాగని గ్రీన్‌కార్డు పెట్టుకోవాలన్న ఉద్దేశంతోనే విజిటర్ వీసా మీద దిగడం వేరే సమస్య. ఎయిర్‌పోర్టులో ఒకటి చెప్పి, వచ్చిన కొద్ది వారాల్లోనే ఇంకోటి చేస్తే అబద్ధం చెప్పారన్న అనుమానం వస్తుంది.

దరఖాస్తు నడుస్తుండగా ఇండియా వెళ్లాల్సి వస్తే ఐ-131 ఫారం పెట్టి, అడ్వాన్స్ పెరోల్ అనే ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకోవాలి. గడువు దాటినవాళ్లు అడ్వాన్స్ పెరోల్ మీద వెళ్లివస్తే బ్యాన్ పడుతుందా అన్న ప్రశ్న చాలాకాలం నలిగింది. ఇండియాలో ముసలి తల్లిదండ్రులను చూసి రావడానికి అలా వెళ్లివచ్చిన మన దేశ దంపతుల కేసులోనే, 2012లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు అలాంటి ప్రయాణం దేశం వదిలిపోవడం కిందికి రాదని తేల్చింది. ఆ కాగితం చేతికి రాకముందే బయల్దేరినవాళ్లకు మాత్రం ఈ రక్షణ లేదు.

ఈ తలుపు గురించి విని ధైర్యంగా ఉండిపోయే కుటుంబాలను చూస్తే నాకు భయం వేస్తుంది. ఎందుకంటే అది పౌరుల తల్లిదండ్రులకే. మన పిల్లల్లో ఎంతోమంది హెచ్-1బీ మీద, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు. హెచ్-1బీ మీద ఉన్న కొడుకు తల్లికి స్పాన్సర్ చేయలేడు. గ్రీన్‌కార్డు వచ్చినా చేయలేడు. పౌరసత్వం వచ్చాకే. "ఫలానా వాళ్లమ్మగారు రెండేళ్లు ఉండిపోయినా ఏమీ కాలేదు, గ్రీన్‌కార్డు కూడా వచ్చింది" అని చెప్పేటప్పుడు, ఆ ఫలానా వాళ్ల అబ్బాయి సిటిజన్ అన్న ముక్క ఎవరూ చెప్పరు. వాట్సాప్ గ్రూపులో అది చదివిన ఇంకో ఇంట్లో, సిటిజన్ కాని కొడుకు, అమ్మ టికెట్ వాయిదా వేస్తాడు.

అన్నిటికంటే కఠినమైనది శాశ్వత బ్యాన్. మొత్తం కలిపి ఏడాదికి మించి అక్రమంగా ఉండి, వెళ్లిపోయి, ఆ తర్వాత మెక్సికో, కెనడా సరిహద్దుల నుంచి తనిఖీ లేకుండా లోపలికి రావడానికి ప్రయత్నించినవాళ్లకు అది పడుతుంది. బయట పదేళ్లు గడిపితే గానీ అనుమతి అడగడానికి కూడా ఉండదు. వీసా రాదని తేలాక దొంగదారి చూపిస్తామనే ఏజెంట్లు ఈ మాట చెప్పరు.

ఏజెంట్ల మాట వచ్చింది కాబట్టి డీఎస్-160 గురించి. కొత్త వీసాకి దరఖాస్తు చేసేటప్పుడు, ఎప్పుడైనా ఇచ్చిన గడువు దాటి అమెరికాలో ఉన్నారా అని ఆ ఫారంలో నేరుగా అడుగుతారు. మన దగ్గర పెద్దవాళ్ల ఫారాలు తరచూ వాళ్లు నింపరు. కన్సల్టెన్సీ కుర్రాడు అన్నిటికీ వరసగా "నో" కొట్టేస్తాడు, నాన్నగారు సంతకం చేసి ఇంటర్వ్యూకి వెళ్తారు. గడువు దాటిన రికార్డు ఆఫీసర్ ముందు కంప్యూటర్‌లో ఉంటుంది. ఇరవై రోజులు దాటినందుకు చట్టంలో ఏ బ్యాన్ లేదు. దాన్ని దాచి "నో" అన్నందుకు, తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో జీవితాంతం ఉండే అనర్హత పడవచ్చు. ఫారం ఎవరు నింపినా బాధ్యత దరఖాస్తుదారుడిదే. సబ్మిట్ నొక్కేముందు ఆ పేజీలన్నీ పిల్లల్లో ఒకరు ఫోన్‌లో తెలుగులో చదివి వినిపించాలి.

బ్యాన్ పడ్డాక మినహాయింపులు లేకపోలేదు. గ్రీన్‌కార్డు కోసమైతే, తాము లేకపోతే అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డుదారులో అయిన భార్య లేదా భర్తకు, లేదా తల్లిదండ్రులకు తీవ్రమైన ఇబ్బంది కలుగుతుందని ఐ-601 ఫారంతో నిరూపించాలి. కొడుకు, కూతురు పడే ఇబ్బంది ఈ లెక్కలోకి రాదు. ఒంటరి తల్లికి పౌరుడైన కొడుకు ఒక్కడే ఉంటే ఈ మినహాయింపు అందదు. నాకు ఈ చట్టంలో అన్యాయంగా తోచేది ఇదే. మనవాళ్ల విషయంలో బ్యాన్ పడేది ఎక్కువగా తల్లిదండ్రుల మీద, వాళ్లకోసం అల్లాడేది పిల్లలు, ఆ పిల్లల బాధని మాత్రం చట్టం చూడదు.

మళ్లీ విజిటర్‌గానే రావాలంటే 212(డి)(3) అనే ఇంకో మినహాయింపు ఉంది. దీనికి బంధుత్వం షరతు లేదు. కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ చేసిన ఆఫీసర్ సిఫారసు చేస్తే, కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్‌లోని ప్రత్యేక విభాగం నిర్ణయిస్తుంది. నెలలు పట్టవచ్చు. 1978 నాటి ఒక తీర్పు ప్రకారం మూడు విషయాలు చూస్తారు: ఈ మనిషి వస్తే సమాజానికి ముప్పు ఉందా, చేసిన ఉల్లంఘన ఎంత తీవ్రమైనది, ఇప్పుడు రావాలనుకోవడానికి కారణమేంటి. అరవై, డెబ్బై ఏళ్ల తల్లిదండ్రుల విషయంలో మొదటిదానికి జవాబు తేలికే. రెండోదానికి అప్పటి ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ, డాక్టర్ లెటర్, రద్దయిన టికెట్ల రసీదులు, ఐ-539 పంపి ఉంటే దాని రసీదు నంబరు కావాలి. ఆఫీసర్ తనంతట తాను ఈ మినహాయింపు సంగతి ఎత్తకపోవచ్చు, సిఫారసు చేయమని ఇంటర్వ్యూలో మనమే అడగాలి.